పిచర్ కెరీర్ ఎన్నేళ్లు అనే ముందు వాడి మోచేయి చూడండి

మీ అబ్బాయికి 11 ఏళ్లనీ, అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరే ఆటగాడు) అవుతానంటున్నాడనీ రాశారు. ఆ కెరీర్ ఎన్నేళ్లు నిలుస్తుంది, ఇప్పుడే రెండో టీమ్‌లో కూడా చేర్పించమంటారా అని అడిగారు. రెండో ప్రశ్నకు ముందు చెబుతాను: వద్దండి.

మేం టెక్సస్‌లో ఉంటాం. మావాడు 12 ఏళ్లప్పుడు శనివారం ఒక టీమ్‌కి, ఆదివారం ఇంకో టీమ్‌కి పిచింగ్ చేసేవాడు. ఎన్ని బంతులు విసిరాడన్నది ఏ కోచ్ లెక్క ఆ కోచ్‌దే. రెండూ కలిపి చూడాల్సింది నేను, చూడలేదు. ఒక ఆదివారం రాత్రి పప్పన్నం కలుపుకుని, ముద్ద నోటిదాకా తీసుకురాలేక ఆగిపోయాడు. మాట్లాడకుండా లేచి స్పూన్ తెచ్చుకుని ఎడమ చేత్తో తింటున్నాడు. ‘‘ఏమైందిరా?’’ అంటే ‘‘ఏం లేదు నాన్నా’’ అన్నాడు. నొప్పి అని చెబితే ఆట మానిపిస్తామని వాడి భయం. డాక్టర్ ఎక్స్‌రే తీయించి, మోచేయి లోపలి వైపు ఎముక ఎదిగే చోట దెబ్బతిందన్నారు. మూడు నెలలు బంతి ముట్టుకోనివ్వలేదు.

మనం క్రికెట్ చూస్తూ పెరిగాం కాబట్టి ఇది తొందరగా తట్టదు. బౌలర్ మోచేయి చాచి వేస్తాడు. పిచర్ మోచేయి మడిచి కొరడాలా విసురుతాడు. ఆ ఊపంతా మోచేయి లోపలి వైపున్న ఒక చిన్న లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) మీద పడుతుంది. పెద్దవాళ్లలో తెగేది అదే.

కెరీర్ ఎన్నేళ్లన్నదానికి ఎడమ చేతి పిచర్ టామీ జాన్ కథ చూడండి. 1974లో మేజర్ లీగ్ జట్టు డాడ్జర్స్‌కి ఆడుతూ, 31 ఏళ్ల వయసులో ఆ లిగమెంట్ తెంపుకున్నాడు. అప్పటిదాకా అలా తెగితే పిచర్ పని అయిపోయినట్టే. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతి నుంచి స్నాయువు తీసి ఎడమ మోచేతిలో అమర్చారు. 1975 సీజనంతా పోయింది. 1976లో తిరిగొచ్చాడు, మరుసటి ఏడాది 20 మ్యాచ్‌లు గెలిచాడు, 46 ఏళ్లదాకా ఆడాడు. మొత్తం 26 సీజన్లు, 288 విజయాలు. అందులో 164 ఆపరేషన్ తర్వాతవే! ఆ ఆపరేషన్‌ని ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు. కానీ హైస్కూల్ పిల్లలకి కూడా అది చేయాల్సి వస్తోంది, నాకు బాధ అక్కడే.

పిల్లల బేస్‌బాల్ లీగ్ అయిన లిటిల్ లీగ్‌లో 11-12 ఏళ్ల పిల్లలు రోజుకి 85 పిచ్‌లు (పిచర్ విసిరే బంతులు) దాటకూడదు. 66 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. నియమం మంచిదే, కానీ రెండో టీమ్‌లో వేసినవి ఎవరు కలుపుతారు? వార్మప్‌లో విసిరేవి అసలు లెక్కలోకే రావు. అందుకే నేను ప్రతి మ్యాచ్‌కీ చేతిలో పట్టుకునే చిన్న కౌంటర్ తీసుకెళ్తాను. పిచ్ పడగానే ఒక నొక్కు. ఇంటికొచ్చి ఫ్రిజ్ మీదున్న క్యాలెండర్‌లో రాస్తాం. చలికాలంలో పిచింగ్ పూర్తిగా బంద్, బాస్కెట్‌బాల్ ఆడుకుంటాడు. మావాడికిప్పుడు 15 ఏళ్లు, ఇంకా పిచింగ్ చేస్తున్నాడు.

డ్రాఫ్ట్ (మేజర్ లీగ్ జట్లు కొత్త కుర్రాళ్లని ఎంచుకోవడం), దాని కింది స్థాయి మైనర్ లీగ్‌లు, మేజర్ లీగ్‌లో ఐదు రోజులకోసారి వచ్చే వంతు, వాటికి చాలా టైముంది. ఈ రాత్రి వాడి మోచేయి లోపలి వైపు పొడుచుకొచ్చిన ఎముక మీద వేలితో మెల్లగా నొక్కి చూడండి. ముఖం చిట్లిస్తే, శనివారం మ్యాచ్ మానిపించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.