పెరటి కొలిమికి కప్పు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పెరట్లో గ్యాస్ కొలిమి పెట్టుకొని రెండేళ్లుగా అల్యూమినియం, ఇత్తడి వస్తువులు చిన్న చిన్నవి పోత పోస్తున్నాను. ఇంతవరకు పనంతా ఆరుబయటే సాగింది. మబ్బు పట్టిన ప్రతిసారీ కొలిమి ఆర్పవలసి వస్తోంది కనుక 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల స్థలం మీద కప్పు వేయాలనుకుంటున్నాను. కొలిమి వరకు చిన్న పందిరి వేసుకుంటే చాలునని ఒక మిత్రుడు, టార్పాలిన్ కట్టుకుంటే సరిపోతుందని మరొకరు అంటున్నారు. ఏ సరుకుతో, ఎంత ఎత్తున, ఎలా కట్టుకోవాలో వివరించగలరు.

జవాబు: మీరు అడగకపోయినా మొదట చెప్పవలసిన మాట ఒకటి ఉంది. పోత పని చేసే చోట కప్పు అన్నిటికన్నా ముందు కాపాడవలసింది నేలను. మూసలో, అంటే లోహం కరిగించే పాత్రలో, కరిగిన లోహం మీద వాన చుక్క పడడం ప్రమాదమే, కాని అది చాలావరకు పైపైనే ఆవిరైపోతుంది. అదే లోహం ఒలికి తడి నేల మీద పడినా, తడిసిన అచ్చులోకి పోసినా, కరిగించడానికి తెచ్చిన లోహపు దిమ్మను చెమ్మతో మూసలో వేసినా, నీరు లోహం కింద చిక్కుకుంటుంది. ఆవిరి అయ్యేటప్పుడు నీటి ఘనపరిమాణం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది కనుక, బయటపడే దారి లేని ఆ ఆవిరి తన మీదున్న లోహాన్ని పేలుడులా నలువైపులా చిమ్ముతుంది. పని చేసే మనిషి ముఖం, పాదాలు ఆ దారిలోనే ఉంటాయి. అందువల్ల కొలిమికి మాత్రమే నీడ ఇచ్చే చిన్న పందిరి వద్దని గట్టిగా చెబుతున్నాను. కొలిమి, అచ్చులు పరిచే చోటు, ఆ రెండింటి మధ్య మీరు మూసను పటకారుతో పట్టుకొని నడిచే దారి, ఇసుక, దిమ్మలు నిలవ ఉంచే మూల, ఇవన్నీ ఒకే కప్పు కిందికి రావాలి. మీ 20 చదరపు మీటర్ల స్థలం అందుకు చాలుతుంది.

సరుకు విషయంలో పెద్దగా ఆలోచించవలసిన పని లేదు. టార్పాలిన్, ప్లాస్టిక్ రేకులు, ఫైబర్ రేకులు, గడ్డి కప్పు నిప్పురవ్వకు అంటుకుంటాయి. పైగా ప్లాస్టిక్ కరిగి చుక్కలుగా కిందికి కారుతుంది. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని నారధూళి ఊపిరితిత్తుల క్యాన్సరుకు దారితీస్తుంది. కనుక ఉచితంగా దొరికినా వాటిని తేవద్దు. జింకు పూత ఉన్న ఇనుప రేకులు, ఇనుప పైపుల చట్రం మీకు తగినవి. అయితే జింకు పూత దీర్ఘకాలం మీద సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వరకే నిలుస్తుంది. ఆ వేడి మించితే పూత పాడై, రేకు తుప్పు పడుతుంది. అందుకే కొలిమి మూత మీది రంధ్రం నుంచి రేకుకు 2.5 మీటర్ల ఎడమైనా ఉండేట్టు చూసుకోండి. అంత ఎత్తు కుదరకపోతే కొలిమికి సరిగ్గా పైన, రేకుకు ఒక జానెడు కిందుగా, మరో ఇనుప రేకును గొలుసులతో వేలాడదీస్తే అది వేడి దెబ్బను తాను తీసుకుంటుంది. చట్రంలో కర్ర వాడడం మాత్రం మంచిది కాదు. ఏళ్ల తరబడి వేడి తగిలిన కర్ర లోలోపల మాడి, మామూలు కర్ర కన్నా తక్కువ వేడికే అంటుకొనే స్థితికి వస్తుంది.

ఇక ఆకారం. రెండు వైపులా వాలు ఉన్న కప్పు వేయండి. స్తంభాల వరుస మీద 2.6 మీటర్ల ఎత్తు, మూడింటికి ఒకటి చొప్పున వాలు పెట్టుకుంటే రెండు వాలులు కలిసే నడికొప్పు దాదాపు 3.3 మీటర్ల దగ్గరకు వస్తుంది. నడికొప్పు దగ్గర రెండు వాలులనూ కలిపి మూసివేయకుండా జానెడు వెడల్పు సందు వదిలి, దాని మీద కొంచెం ఎత్తులో, ఇరువైపులా మూరెడేసి దిగేట్టు ఇంకొక చిన్న కప్పు పెట్టాలి. వేడి గాలి, పొగ తమంతట తాము పైకి లేచి ఆ సందులోంచి పోతాయి. ఇత్తడి కరిగించే వారికి ఈ సందు చాలా అవసరం, ఎందుకంటే ఇత్తడిలో ఉండే జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఇత్తడి కరిగేది కూడా ఇంచుమించు ఆ వేడి దగ్గరే. అప్పుడు లేచే తెల్లటి పొగ పీల్చిన వారికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. ఆరుబయట ఇంతకాలం గాలికి కొట్టుకుపోయిన ఆ పొగ, కప్పు వేసిన మరునాటి నుంచి మీ తల మీదే నిలుస్తుందని గుర్తుంచుకోండి. కొలిమిని నడికొప్పుకు సరిగ్గా కింద కాక అర మీటరు పక్కగా పెట్టండి. ఎప్పుడైనా పై చిన్న కప్పు కారినా ఆ చుక్క మూసలో పడదు.

జల్లు సంగతి చాలామంది కప్పు వేసిన తరువాతే గమనిస్తారు. చూరు 90 సెంటీమీటర్లు బయటికి దించితే దాని అంచు నేలకు 2.3 మీటర్ల ఎత్తున ఉంటుంది. గాలివానకు చినుకు 45 డిగ్రీల కోణంలో వస్తే అంచు నుంచి 2.3 మీటర్లు, అంటే స్తంభాల వరుస దాటి 1.4 మీటర్ల లోపలికి, నేల తడుస్తుంది. రెండు వైపుల నుంచీ అలా తడిస్తే మీ 4 మీటర్ల వెడల్పులో పొడిగా మిగిలేది 1.2 మీటర్లే. కనుక మీ చోట వానగాలి ఏ దిక్కు నుంచి వస్తుందో ఆ వైపున 1.4 మీటర్ల ఎత్తు రేకు గోడ నిలబెట్టండి. అదే కోణంలో వచ్చే జల్లు దాదాపు అంతా దానికి తగిలి ఆగుతుంది, దాని పైనున్న ఖాళీ గాలికి మిగులుతుంది. ఆ గోడ అడుగున జానెడు సందు వదలాలి, మిగతా వైపులు నేల వరకు తెరిచే ఉంచాలి. వంట గ్యాసు గాలి కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా బరువైనది, కారితే నేల మీద పరచుకొని గుంటల్లో నిలుస్తుంది. సిలిండరు కప్పు కింద కాకుండా బయట, కొలిమికి దూరంగా ఉండాలి. నాలుగు వైపులా గోడలు కడితే ప్రాణాలు తీసే కార్బన్ మోనాక్సైడ్ కూడా లోపలే పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు.

గోడలు లేని కప్పును గాలి కింది నుంచి కూడా ఎత్తుతుంది, కనుక స్తంభాలకు లోతైన పునాది వేయాలి. 45 సెంటీమీటర్ల చదరంలో 75 సెంటీమీటర్ల లోతు గుంట తీసి కాంక్రీటు నింపితే ఒక్కొక్క పునాది సుమారు 365 కిలోల బరువుతో స్తంభాన్ని పట్టుకుంటుంది. రేకులకు బోల్టులు మడత పైభాగంలోనే బిగించి, వాషరు తప్పక వేయండి. మడత పల్లంలో రంధ్రం చేస్తే కారడం అక్కడే మొదలవుతుంది. 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 20 చదరపు మీటర్ల మీద పడే నీరు 1,000 లీటర్లు. చూరుల వెడల్పు కలిస్తే ఇంకా ఎక్కువ. ఆ నీటిని చూరు కింద తొట్టి కాలువ పెట్టి దూరంగా పంపండి, పని చేసే నేలను చుట్టూ ఉన్న నేల కన్నా 15 సెంటీమీటర్లు ఎత్తు చేయండి.

కప్పు వల్ల వచ్చే మేలు ఇంకొకటి ఉంది. ఎండలో మూస ఎర్రదనం కంటికి ఆనదు, అప్పుడే తీసిన వేడి ఇనుము కూడా చల్లటి ఇనుములాగే కనిపిస్తుంది. నీడలో రంగు చూసి వేడిని అంచనా వేయవచ్చు, పొరపాటున తాకే ప్రమాదమూ తగ్గుతుంది.

ప్రశ్న: నేను ఇదివరకే రేకుల షెడ్డు వేసుకున్నాను. ఎక్కడా కారడం లేదు. అయినా చలికాలం ఉదయాన కొలిమి వెలిగించిన కాసేపటికి పై నుంచి నీటి చుక్కలు పడుతున్నాయి. కారణమేమిటి?

జవాబు: ఆ నీరు మీ కొలిమి నుంచే వస్తోంది. గ్యాసులోని ప్రొపేన్ ఒక కిలో మండితే సుమారు 1.6 కిలోల నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అది చల్లటి రేకుకు తగిలి చెమర్చి, వాలు వెంట కిందికి జారుతూ, రేకులను మోసే అడ్డ పైపు తగిలిన చోట ఆగి చుక్కగా రాలుతుంది. కనుక కొలిమికి, అచ్చులకు సరిగ్గా పైన అడ్డ పైపు లేకుండా చూసుకోవాలి, ఇప్పటికే ఉంటే కొలిమిని జరపడం సులువు. నడికొప్పు దగ్గర సందు లేకపోతే ముందు అది తెరిపించండి, కొంత తేమ అక్కడే పోతుంది. రేకు వేడెక్కి అడుగు భాగం పూర్తిగా ఆరిందని కంటితో చూసిన తరువాతే అచ్చులను తెచ్చి పరచండి. అంతవరకు వాటిని, దిమ్మలను కప్పి ఉంచాలి. చుక్క పడిన అచ్చును ఆ రోజుకు పక్కన పెట్టేయండి. పైకి ఆరినట్టు కనిపించినా ఇసుక లోపల తడి ఉండవచ్చు.

ప్రశ్న: కప్పు వేయించాక నేలను సిమెంటు గచ్చు చేయించమంటారా?

జవాబు: పోత పోసే చోట వద్దు. గచ్చు ఎంత ఆరినట్టు కనిపించినా దాని రంధ్రాలలో తేమ ఉంటుంది, కరిగిన లోహం ఒలికితే ఆ తేమ ఆవిరై పైపొరను పెంకులుగా ఎగరగొడుతుంది. ఇదివరకే గచ్చు ఉంటే కొలిమి చుట్టూ, నడిచే దారి పొడవునా, అచ్చుల కింద 7, 8 సెంటీమీటర్ల మందాన పొడి ఇసుక పరచండి. వానాకాలంలో పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఆ ఇసుకను అడుగు వరకు కెలికి, గుప్పిట్లో పట్టి చూడండి. ముద్ద కట్టిందంటే దాన్ని తీసి పొడి ఇసుక వేసే వరకు కొలిమి వెలిగించవద్దు.