ఊటీకి తెల్ల ప్లేటు కారులో వెళ్లవచ్చా?

సందేహం: హైదరాబాద్ నుంచి ఆరుగురం ఊటీ వెళ్దామనుకుంటున్నాం. తెలిసినాయన తన సొంత కారును డ్రైవరుతో సహా ట్యాక్సీ కన్నా తక్కువ అద్దెకు పంపుతానన్నారు. దారిలో ఎవరైనా ఆపితే బంధువులమని చెప్పమన్నారు. ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

సమాధానం: అలా చెప్పమన్నారంటే ఇబ్బంది ఏమిటో ఆయనకు ముందే తెలుసన్నమాట. తెల్ల ప్లేటు కారు సొంత వాడకానికి రిజిస్టరైనది. అద్దెకు తిప్పాలంటే మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 66 ప్రకారం పర్మిట్ ఉండాలి. లేకుంటే సెక్షన్ 192ఎ కింద మొదటిసారికే రూ. 10,000 జరిమానా, 6 నెలల దాకా జైలు. కారును స్వాధీనం చేసుకునే అధికారమూ ఉంది. శిక్ష యజమానిది, డ్రైవరుది. పెట్టెలతో రోడ్డు మీద నిలబడేది మాత్రం మీరు.

అంతకన్నా నన్ను కలవరపెట్టేది బీమా. పర్మిట్ లేని కారును అద్దెకు వాడారు కనుక పరిహారం చెల్లించబోమన్న వాదన లేవనెత్తే హక్కును సెక్షన్ 150 బీమా కంపెనీకి ఇచ్చింది. ఘాట్ రోడ్డులో ప్రమాదం జరిగితే కంపెనీ మనిషి మొదట వెతికేది అద్దె ఆనవాళ్లనే. మీరు ఫోనులో పంపిన అడ్వాన్సు తేదీ, సమయంతో సహా దొరుకుతుంది. ఆ ఆరుగురిలో ఒక్కరికి డ్రైవరు ఇంటిపేరు తెలియకపోయినా చుట్టరికం తేలిపోతుంది. పర్మిట్ లేకున్నా ముందు కంపెనీయే చెల్లించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవాలని 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పిన మాట నిజమే. అయితే అక్కడ చనిపోయింది బయటి వ్యక్తి. అద్దె ఇచ్చి లోపల కూర్చున్నవారికి అదే ఊరట దక్కుతుందన్న భరోసా నేనివ్వలేను.

పసుపు ప్లేటు బండి మాట్లాడుకోండి. అడ్వాన్సుకు ముందే అఖిల భారత టూరిస్టు పర్మిట్, బీమా, ఆర్సీల ఫొటోలు అడగండి. డ్రైవరుతో కలిపి మీరు ఏడుగురు కాబట్టి ఆర్సీలో సీట్ల సంఖ్య కూడా చూడండి.

బండి ఖాయమయ్యాకే ఈ-పాస్ (ఊటీ ఉన్న నీలగిరుల్లోకి వాహనం వెళ్లేందుకు ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి) సంగతి, ఎందుకంటే అది వాహనం నంబరు మీద వస్తుంది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరులకు ఇది తప్పనిసరైంది. రుసుము లేదు. సీజన్‌లో రోజుకు ఇన్ని వాహనాలేనన్న పరిమితి ఉంటుంది కనుక ఆఖరి రోజు దాకా ఆగకండి. మైసూరు మీదుగా వెళ్తే బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. చీకటి పడకముందే దాటేలా బయలుదేరండి.