వెలగపండు: పగలగొట్టే ముందు కింద పడేసి చూడండి

ప్రశ్న: వెలక్కాయ పచ్చడి చేస్తే ఒకటే వగరు, పైగా చేదు. బెల్లం వేసినా లాభం లేకపోయింది. లోపం ఎక్కడ?

జవాబు: వగరు కాయది, చేదు బహుశా మీ పోపుది. గుజ్జు తెల్లగా, గట్టిగా చిప్పను పట్టుకుని ఉందంటే అది పచ్చికాయ. వగరుకు కారణం అందులోని టానిన్లు. బెల్లం వాటి రుచిని కప్పుతుందే గానీ వాటిని పోగొట్టదు. గొంతులో వెలక్కాయ పడ్డట్టే ఉంటుంది మరి!

కొట్టకముందే కాయను పరీక్షించవచ్చు. అడుగు ఎత్తు నుంచి గచ్చు మీద వదలండి. పచ్చిదైతే ఎగిరిపడుతుంది, పండినదైతే ఎగరదు. తొడిమ దగ్గర ఘాటైన తీపి వాసన కూడా రావాలి. పచ్చికాయలు తెచ్చుకుంటే వారం, రెండు వారాలు ఎండ తగిలేచోట పెట్టండి. చిప్పకు బెజ్జం గానీ పగులు గానీ ఉంటే వద్దు. లోపల బూజు పట్టి ఉండొచ్చు.

పచ్చడికి దోరకాయే మేలు. కప్పు గుజ్జు తీసి పీచు ఏరేయండి. 2 చెంచాల నూనెలో ముందు పావు చెంచా మెంతులు వేసి, రంగు మారగానే చెంచా మినప్పప్పు, అర చెంచా ఆవాలు, 8 ఎండుమిర్చి, చిటికెడు ఇంగువ వేయండి. మెంతులు నల్లబడితే చేదు ఖాయం. పోపు తీసేసి, అదే బాండీలో గుజ్జును సన్నసెగన 5 నిమిషాలు మగ్గనివ్వండి. ఇనప బాండీ అయితే టానిన్లు ఇనుముతో కలిసి గుజ్జు నల్లబడుతుంది, స్టీలుది వాడండి. చల్లారిన తర్వాత, మొదట పోపు, ఉప్పు, నిమ్మకాయంత బెల్లం కలిపి నూరి, చివర్లో గుజ్జు వేసి ఒక్కసారి తిప్పితే చాలు.

ప్రశ్న: వెలగపండు జెల్లీ గట్టిపడలేదు. పాకంలాగే ఉండిపోయింది.

జవాబు: వెలగ గుజ్జులో జెల్లీని గట్టిపరిచే పెక్టిన్ బాగానే ఉంటుంది. పండు మరీ మగ్గితే అది విరిగిపోతుంది. అందుకే నాలుగు పండ్లకు ఒక దోరకాయ కలపాలి. గుజ్జు మునిగేటన్ని నీళ్లు పోసి అరగంట ఉడికించి, పలుచటి గుడ్డలో మూటగట్టి వేలాడదీయండి. పిండితే రసం మసకబారుతుంది. కప్పు రసానికి ముప్పావు కప్పు పంచదార వేసి పెద్దసెగన మరిగించండి. గరిటె అంచున చుక్కలు విడివిడిగా కారక ఒకదానితో ఒకటి కలిసి రేకులా జారితే దించేయొచ్చు. థర్మామీటరు ఉంటే 105 డిగ్రీల సెల్సియస్.

ప్రశ్న: గింజ నాటితే మొక్క వచ్చింది. ఇది వెలగా, మారేడా? కాపు ఎప్పుడు?

జవాబు: ఆకు చూడండి. మారేడుకు మూడేసి రెబ్బలు, వెలగకు ఒకే ఈనెకు అటూ ఇటూ జంటలుగా, కొసన ఒకటి, మొత్తం 5 లేదా 7. రెండింటికీ ముళ్లుంటాయి కాబట్టి వాటిని నమ్ముకోవద్దు. గింజ మొక్క కాపుకు 15 ఏళ్లు కూడా పట్టొచ్చు. త్వరగా కావాలంటే అంటు మొక్క నాటుకోవడమే.