కొబ్బరితోట గట్టు దగ్గర గొడవలో, తమ్ముడి గడప తొక్కనని అల్లాహ్ మీద ఒట్టు వేశాను. ఇప్పుడు అతని కూతురి నికాహ్‌కి వెళ్లొచ్చా? మూడు రోజులు ఉపవాసం ఉంటే సరిపోతుందా?

అస్సలాము అలైకుం భాయ్. తప్పకుండా వెళ్లండి. కొబ్బరితోట గట్టు దగ్గర కోపంలో వేసిన ఒట్టు కోసం పిల్ల నికాహ్ మానుకోమని దీన్ (మన ధర్మం) చెప్పదు. మంచి చేయకుండా, మనుషుల్ని కలపకుండా ఉండటానికి అల్లాహ్ పేరును అడ్డు పెట్టుకోవద్దని ఖురాన్‌లో బఖరా సూరా (అధ్యాయం) 224వ ఆయతు (వాక్యం)లోనే ఉంది.

ప్రవక్త గారి ఆప్త సహచరుడు హజ్రత్ అబూబకర్ గారి సంగతి చూడండి. ఆయన కూతురు ఆయిషా గారి మీద నింద మోపినవాళ్లలో మిస్తహ్ ఒకడు. పేద బంధువు, ఆయన సాయంతోనే బతికేవాడు. ఇక ఏమీ ఇవ్వనని అబూబకర్ గారు ఒట్టు వేశారు. అల్లాహ్ మిమ్మల్ని క్షమించాలని మీకు లేదా అని అడుగుతూ నూర్ సూరా 22వ ఆయతు దిగింది. వెంటనే సాయం మళ్లీ మొదలుపెట్టారు. మీ తమ్ముడి తప్పు అంతకంటే పెద్దదేం కాదు కదా!

ఇక ఉపవాసం. మాయిదా సూరా 89వ ఆయతు ప్రకారం, ఒట్టు తప్పినందుకు కఫ్ఫారాగా, అంటే పరిహారంగా, ముందు పదిమంది పేదలకు భోజనం పెట్టాలి, లేదా బట్టలు ఇవ్వాలి. ఆ స్తోమత లేనివాళ్లకే మూడు రోజుల ఉపవాసం. తోట ఉన్న మీరు అన్నమే పెట్టాలి.

పాలకొల్లు దగ్గర మా ఊళ్లో, బోదె నీళ్ల తగువులో మా నాన్న కూడా చిన్నాన్నతో మాట్లాడనని ఒట్టేశారు. చిన్నాన్న ఆస్పత్రిలో పడగానే వెళ్లి పలకరించారు. తర్వాత కఫ్ఫారా. మనవైపు ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో ఆ పదిమందికే రెండు పూటలూ పెట్టాలి. అమ్మ బిర్యానీ అంటే, ఇంట్లో మామూలుగా తినేది చాలన్నారు ఇమామ్ గారు. అన్నం, పప్పు, చేపల పులుసు. రాత్రికి ఇద్దరు రాలేదు. నాన్న క్యారేజీ కట్టించుకుని వాళ్ల ఇళ్లకు తానే పట్టుకెళ్లారు.

ఒక్కటి మాత్రం మరిచిపోకండి. తోట పంపకంలో పెద్దమనుషుల ముందు తమ్ముడికి ఏదైనా మాట ఇచ్చి ఉంటే, అది కఫ్ఫారాతో తీరేది కాదు. ఒప్పందాలు నెరవేర్చండి అనే మాటతోనే మాయిదా సూరా మొదలవుతుంది. కాగితం లేకపోయినా అది అతని హక్కు. మన డెల్టాలో కౌళ్లు కూడా చాలావరకు నోటిమాట మీదే నడుస్తాయి, మీకు తెలియనిది కాదు.

నికాహ్ రోజు జనంలో కాకుండా, ఒక రోజు ముందే ఇంటికి వెళ్లండి. గట్టు సంగతి మాత్రం అప్పుడు ఎత్తకండి.