అట్ట మీద పేరు ఎవరిది? – పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అమ్మమ్మ భోషాణంలో ‘హిందూసుందరి’ అనే పాత స్త్రీల పత్రిక సంచికలు దొరికాయి. ఒకదాని మీద ‘శుభకృత్ సం॥ మాఘము’ అని ఉంది, ఇంగ్లీషు తేదీ లేదు. సత్తిరాజు సీతారామయ్య గారి పేరూ ఉంది, ఆడవాళ్ళ పేర్లూ ఉన్నాయి. సంపాదకులు ఎవరు? కాగితం ముట్టుకుంటే విరుగుతోంది.
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: అది 1903 ఫిబ్రవరి సంచిక. 1902 ఉగాదికి శుభకృత్ మొదలైంది కదా అని 1902 అని రాసుకుంటారు చాలామంది. మాఘ, ఫాల్గుణాలు వచ్చేసరికి ఇంగ్లీషు ఏడాది మారిపోయి ఉంటుంది. 1962లోనూ శుభకృత్ వచ్చింది గానీ ఆ కాగితం ఇంత పెళుసుగా ఉండదు.

ఇక పేర్లు. సీతారామయ్య గారు 1902లో ఏలూరులో పత్రిక పెట్టిన ప్రచురణకర్త. సంపాదకత్వం మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మ గార్లది. తరవాత పత్రిక కాకినాడ చేరాక బాలాంత్రపు శేషమ్మ గారు నడిపారు. ముద్రణాలయాలు, పుస్తకాల నమోదు కోసం తెచ్చిన 1867 చట్టం అడిగింది ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు. వార్తాపత్రికల మీద సంపాదకుడి పేరు తప్పనిసరి అయింది 1922లో. అందుకే అంతకుముందు పత్రికల్లో చివరి పేజీ అడుగున ఉన్న మగపేరు చూసి ‘ఇది ఆయన పత్రికే’ అనేస్తారు. తొందరపడకండి. అట్ట లోపలి వైపు చూడండి, ఉత్తరాలు రాసినవాళ్ళు ‘అమ్మా’ అన్నారో ‘అయ్యా’ అన్నారో చూడండి. సొంత పేరున పత్రిక పెట్టినవాళ్ళూ ఉన్నారు: కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ గారి ‘సావిత్రి’ అలాంటిదే.

కాగితానికి సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. జిగురు పసుపెక్కి అక్షరాలనూ తీసుకుపోతుంది. జెరాక్సు యంత్రం మీద బోర్లిస్తే వెన్ను విరుగుతుంది. కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పేజీకొక ఫోటో తీయండి. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, గోడకు ఆనని అరలో పడుకోబెట్టండి. మన డెల్టా గోడలు వానాకాలంలో చెమ్మ పీలుస్తాయి, చెదలు ఆ దారినే వస్తాయి. ఎండలో మాత్రం ఆరబెట్టకండి.

ప్రశ్న: అనీబిసెంట్ సోషలిస్టు అని విన్నాను. దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) ఆవిడేనా?
– భీమవరం

జవాబు: ఆవిడే. 1885లో ఫేబియన్ సొసైటీ అనే ఇంగ్లండు సోషలిస్టు సంఘంలో చేరారు. 1888లో లండన్‌లో ‘ది లింక్’ అనే అర పెన్నీ పత్రిక నడుపుతూ, జూన్ 23 సంచికలో బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ అమ్మాయిల చాలీచాలని కూలి, దాని మీద వేసే జరిమానాలు బయటపెట్టారు. జూలైలో సుమారు 1400 మంది పని మానేశారు. ఆ రోజుల్లో పత్రిక ప్రభావం ఎలా పనిచేసేదో చూడాలంటే ఇంతకంటే చక్కని ఉదాహరణ లేదు. మరుసటి ఏడాది దివ్యజ్ఞాన సమాజంలో చేరారు, 1893లో ఇండియా వచ్చారు. 1917లో అడయారులో పుట్టిన మహిళా భారత సంఘానికి తొలి అధ్యక్షురాలు కూడా ఆవిడే. ఓటు హక్కు అడిగిన సంఘం అది.

ప్రశ్న: 1921లోనే మద్రాసు రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఓటు వచ్చిందంటారు. మా ముత్తవ్వకు ఎందుకు లేదు?
– తణుకు

జవాబు: ఆస్తి అర్హత మగవాళ్ళకు ఎంతో ఆడవాళ్ళకూ అంతే పెట్టారు. చూడ్డానికి సమానమే. పట్టా భర్త పేరున, శిస్తు భర్త పేరున ఉంటే ఆవిడకు ఓటు లేనట్టే. 1935 భారత ప్రభుత్వ చట్టంతో చదవడం, రాయడం వచ్చినవాళ్ళకు కొంత దారి తెరుచుకుంది. ఆస్తీ చదువూ అడగకుండా వయసొచ్చిన ప్రతి ఆడమనిషికీ ఓటిచ్చింది 1951–52 ఎన్నికలే.