వేరు రంగు చూసి నీళ్లు పోయండి

ఆగస్టులో లాల్‌బాగ్ పూల ప్రదర్శన అయిపోయిన నెలకల్లా నాకొచ్చే ప్రశ్నల్లో సగం ఆర్కిడ్ల మీదే ఉంటాయి. ఈసారీ అంతే. గ్లాస్ హౌస్‌లో చూసి ముచ్చటపడి, ఇంటికెళ్తూ దారిలో ఒక మొక్క కొనుక్కుని, నెల తిరిగేసరికి ఆకు పసుపెక్కిందని కంగారుపడి రాసినవాళ్ళే ఎక్కువ. అన్నింటికీ ఇక్కడ చోటు లేదు, ఎక్కువమందికి పనికొచ్చేవి ఆరు తీసుకున్నాను. వీటిలో వచ్చే ఫాలనాప్సిస్, వాండా, డెండ్రోబియం అన్నీ చెట్టు కొమ్మల్ని పట్టుకుని, వేర్లు గాల్లో వేలాడేసుకుని బతికే ఆర్కిడ్ జాతులు, మట్టిలో పెరిగేవి కావు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి.

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు, మారతహళ్ళిలో ఉంటాం. పెళ్లిరోజుకి మా ఆయన తెల్ల ఫాలనాప్సిస్ కొనిచ్చారు. రెండు నెలలు చక్కగా పూసింది. వారానికి రెండుసార్లు నీళ్లు పొయ్యమని నర్సరీ అతను చెప్పాడు, అలాగే పోశాను. ఇప్పుడు ఆకులు వడలి ముడతలు పడ్డాయి. నీళ్లు చాలట్లేదేమోనని రోజూ పోస్తున్నా, ఇంకా మెత్తబడుతున్నాయి. బతుకుతుందా?

జవాబు: ముందు ఈరోజే నీళ్లు ఆపెయ్యమ్మా. ఆకులు వడలింది నీళ్లు తక్కువై కాదు, నీళ్లు తాగే వేర్లు కుళ్ళిపోయి. రెండింటికీ ఆకు మీద కనిపించే లక్షణం ఒకటే, అందుకే చాలామంది అక్కడే పొరబడి ఇంకాస్త నీళ్లు పోసి మొక్కని పోగొట్టుకుంటారు.

ఈ వేరుకి పైన తెల్లటి స్పాంజి లాంటి పొర ఉంటుంది, అవి చచ్చిన కణాలే, కానీ పని అంతా వాటిదే. వాన చుక్క పడగానే పీల్చుకుంటాయి, అప్పుడు పొర తడిసి లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది. ఆరిపోతే మళ్ళీ వెండి రంగుకొస్తుంది. ఒకసారి నువ్వే చూడు, ఆరిన వేరు మీద వేలితో ఒక చుక్క పెట్టు, నిమిషంలోపే ఆ చుక్క పడ్డ చోట పచ్చగా మచ్చలా తేలుతుంది. అడవిలో కొమ్మ మీద తడిసిన వేరు గంటల్లో ఆరిపోతుంది. మనింట్లో కుండీలో వారాల తరబడి తడిలో మగ్గితే ఊపిరాడక కుళ్ళుతుంది.

మొక్కని కుండీలోంచి బయటికి తియ్యి. వేర్ల మధ్యలో, సరిగ్గా మొక్క మొదలు కింద, గుప్పెడు నాచు ముద్దగా బిగించి ఉందేమో చూడు. పెద్ద ఎత్తున పెంచేచోట చిన్న మొక్కని అందులోనే పెట్టి పెంచుతారు, అమ్మేటప్పుడు తియ్యరు. పైన అంతా పొడిగా కనిపిస్తున్నా ఆ ముద్ద లోపల తడి అలాగే ఉంటుంది. దాన్ని ఓపిగ్గా వేళ్ళతో విడదీసి తీసెయ్యి. తర్వాత ఒక్కో వేరునీ రెండు వేళ్ళ మధ్య మెల్లగా నొక్కు. గట్టిగా ఉంటే బతికుంది, వదిలెయ్యి. మెత్తగా జారిపోయి లోపల దారం ఒక్కటే మిగిలితే చచ్చిపోయింది, మంట మీద కాల్చి చల్లార్చిన కత్తెరతో కత్తిరించు. మిగిలిన వేర్లు పట్టేంత చిన్న కుండీ చాలు, పక్కన కూడా బెజ్జాలున్న పారదర్శకమైన ప్లాస్టిక్‌ది అయితే వేరు రంగు బయటినుంచే కనిపిస్తుంది. అందులో కట్టె బొగ్గు, పెంకు ముక్కలు, రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టి ఉప్పు పోగొట్టిన కొబ్బరి డొక్క ముక్కలు కలిపి వెయ్యి. మట్టి వద్దు, కోకోపీట్ అని అమ్మే కొబ్బరి పొట్టు అసలే వద్దు. మూడు రోజులయ్యాక నీళ్లు పొయ్యి.

ఇకనుంచి వారానికి ఎన్నిసార్లు అనే లెక్క మర్చిపో. వేర్లు వెండి రంగులో ఉండి, కుండీ ఎత్తితే తేలిగ్గా ఉంటే పొద్దున్నపూట బాగా తడిపి, మిగిలిన నీళ్లు మొత్తం కారిపోనివ్వు. మన బెంగళూరులో వానల్లో వారం దాకా అక్కర్లేకపోవచ్చు, ఏప్రిల్లో రెండు రోజులకే అడగొచ్చు. ఆకుల నడిమధ్య గుంటలో నీళ్లు నిలిస్తే టిష్యూ కాగితంతో అద్దెయ్యి, అక్కడ కుళ్ళు పట్టిందంటే మాత్రం మొక్క దక్కడం కష్టం. ముడతలు పడ్డ పాత ఆకులు మళ్ళీ నున్నగా అవుతాయని ఎదురుచూడకు, కొత్త ఆకు గట్టిగా వస్తే గండం గడిచినట్టే.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంటు మాది. నాలుగు వాండాలు వేలాడదీశాను, మీరు చెప్పినట్టే వేర్లు ఆరాకే నీళ్లు పోస్తున్నాను. అయినా వేర్ల కొసలు నల్లబడుతున్నాయి, ఆకుల చివర్లు ఎండుతున్నాయి, బుట్టలకి తెల్లగా పెచ్చు కడుతోంది. నీళ్లు వృథా కాకూడదని ఆర్వో మిషన్లోంచి బయటికొచ్చే నీళ్లే వాడుతున్నాను. తప్పా?

జవాబు: ఆ జాగ్రత్త చాలా మంచిదండీ, 2024 ఎండాకాలంలో ట్యాంకర్ల కోసం మనమంతా పడ్డ పాట్లు చూశాక బెంగళూరులో చుక్క నీరు పారబోయాలన్నా మనసొప్పదు. కానీ ఆ నీళ్లు ఆర్కిడ్లకి పనికిరావు. మిషన్ మనకిచ్చే మంచినీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా ఆ బయటికొచ్చే నీళ్లలోనే చిక్కబడి ఉంటుంది. వాటితో ఇల్లు తుడవండి, బాత్రూముల్లో వాడండి.

ఇంకొకటి కూడా చూసుకోండి. చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లకి సాఫ్ట్‌నర్ పెడతారు. అది కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి బదులు సోడియం వదులుతుంది, బట్టలు బాగా ఉతుకుతాయి గానీ మొక్క వేరుకి అది విషమే. నేను ఇల్లు మారిన కొత్తలో ఈ సంగతి తెలియక కుళాయి నీళ్లే పోశాను, ఎనిమిదేళ్ళు పెంచిన వాండా పచ్చటి వేరు కొసలు రెండు నెలల్లో ఒక్కొక్కటీ బొగ్గులా మాడిపోయాయి. ఆ మొక్క దక్కలేదు. ఇప్పటికీ తల్చుకుంటే బాధేస్తుంది.

వాన నీళ్లని మించింది లేదు. బాల్కనీలోనో డాబా మీదో రెండు బకెట్లు పెట్టి, దోమలు చేరకుండా గుడ్డ కట్టి దాచండి. ఏసీ ఉంటే దానినుంచి కారే నీళ్లూ బాగానే పనికొస్తాయి. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు చవకలోనే దొరుకుతుంది, 200 లోపు చూపిస్తే దిగులు లేదు. ఎరువు 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) అయితే లీటరుకి అర గ్రాము, వారానికోసారి, అదీ వేర్లు తడిపాకే. నెలకోసారి ఉత్త నీళ్లతో బాగా కడిగెయ్యండి. బియ్యం కడుగు పోయమని ఎవరైనా చెబితే వద్దనండి, పులిసి పురుగులు చేరతాయి.

ప్రశ్న: నేను రిటైరయ్యి జయనగర్‌లో ఉంటున్నాను, సొంతూరు అనంతపురం. ఊదారంగు డెండ్రోబియం కొని మూడేళ్ళు. పాత కాడలు ఆకులన్నీ రాలి ఎండు చెరుకు ముక్కల్లా నిలబడ్డాయి, కత్తిరించెయ్యాలా? పువ్వులూ రావడంలేదు, వరండాలో నీడపట్టునే ఉంచాను.

జవాబు: కత్తెర పక్కన పెట్టండి సార్. ఆకు లేని ఆ కాడే మొక్కకి గాదె. నీళ్లు, తిండి అందులోనే దాచుకుని కొత్త పిలకకి పంపిస్తుంది, చాలాసార్లు ఆ బోడి కాడ కొసనుంచే మళ్ళీ పూలగుత్తి వేస్తుంది కూడా. పూర్తిగా గోధుమరంగుకి మారి, నొక్కితే లోపల డొల్లగా ఉంటేనే తీసెయ్యండి. కాడ పైన చిన్న మొక్క వేర్లతో సహా పుడితే, వేర్లు రెండంగుళాలు అయ్యాక విడదీసి వేరే కుండీలో పెట్టుకోవచ్చు.

పువ్వులు రాకపోవడానికి మీ వరండా నీడే కారణం. ఫాలనాప్సిస్‌కి సరిపోయే వెలుగు దీనికి చాలదు. పొద్దున పదింటిదాకా నేరుగా ఎండ, ఆ తర్వాత 50 శాతం షేడ్ నెట్ కింద ఉంచండి. ఒకేసారి ఎండలోకి తోస్తే ఆకులు కాలతాయి, రెండు వారాల్లో మెల్లమెల్లగా అలవాటు చెయ్యండి. ఆకు ముదురాకుపచ్చ వదిలి కాస్త లేతపసుపు కలిసిన పచ్చకి వస్తే వెలుగు సరిపోయినట్టు.

ప్రశ్న: రెండేళ్ళ నుంచి మా ఫాలనాప్సిస్ ఆకులు మాత్రమే పెడుతోంది. హాల్లో కిటికీ దగ్గరుంది. ఏ మందు వెయ్యాలి?

జవాబు: మందులేం వద్దు, దాన్ని నవంబరు నుంచి బాల్కనీలో ఉంచండి. కొన్ని వారాలపాటు 25 డిగ్రీల కన్నా తక్కువ చల్లదనం తగిలితేనే ఇది పూల కాడ వేస్తుంది. మన దగ్గర చలికాలం రాత్రులు 15, 16 దాకా దిగుతాయి, చెన్నైలో మా చెల్లెలు ఎంత తాపత్రయపడినా దొరకని చల్లదనం అది, మనకి ఊరికే వస్తోంది. మూసిన హాల్లో పెట్టి దాన్ని దూరం చేసుకుంటున్నాం. తూర్పు బాల్కనీ అయితే మరీ మంచిది. ఆకు చంకలోంచి మొలక వచ్చినప్పుడు కొస గుండ్రంగా మెరుస్తుంటే వేరు, చేతి గ్లౌజులా బొటనవేలు విడిగా ఉన్నట్టుంటే పూల కాడ. కాడ కనిపించాక కుండీని తిప్పకండి, మెలికలు తిరుగుతుంది.

ప్రశ్న: ఆన్‌లైన్లో పది రంగుల ఆర్కిడ్ విత్తనాలు, ప్యాకెట్టు 149 రూపాయలకి ఇస్తున్నారు. వేస్తే మొలుస్తాయా?

జవాబు: మొలవవు, కొనకండి. ఆర్కిడ్ విత్తనం ధూళిలా ఉంటుంది, మొలకకి కావలసిన తిండి అందులో ఉండదు. అడవిలో ఒకరకం బూజు దానికి తిండి అందిస్తుంది. 1922లో లూయిస్ నడ్సన్ అనే శాస్త్రవేత్త చక్కెర కలిపిన అగార్ అనే జెల్లీ మీద, ఆ బూజు లేకుండానే మొలిపించి చూపించాడు, ఈరోజుకీ ల్యాబుల్లో సీసాల్లో పెంచేది అలాగే. కుండీలో చల్లితే వచ్చేవి కావు. ప్యాకెట్లో గసగసాలంత గింజలు కనిపిస్తే అవి ఆర్కిడ్లే కావని అర్థం.

ప్రశ్న: మా ఇంటి ముందు మామిడి చెట్టుంది, దానికి ఆర్కిడ్ కట్టాలని నా కోరిక. అది చెట్టు రసం పీల్చేస్తుందని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. కూర్గ్ వెళ్ళినప్పుడు అడవి ఆర్కిడ్లు తెచ్చుకోవచ్చా?

జవాబు: అత్తగారు చూసింది బదనిక అయ్యుంటుందమ్మా, ఆవిడ భయం నిజమే, బదనిక వేరు కొమ్మ లోపలికి దిగి రసం తాగుతుంది. ఆర్కిడ్ వేరు బెరడు పైపైనే పాకుతుంది, లోపలికి దిగదు, దానికి కావాల్సిందల్లా వాన నీళ్లు, గాలి, బెరడు మీద పోగయ్యే ఆకు చెత్త. మన పల్లెల్లో మామిడి తోటల్లో వాండా జాతిది ఒకటి ఇలాగే తరతరాలుగా బతుకుతోంది, చెట్లు కాపు మానలేదు. ఈ మాట ఆవిడకి నెమ్మదిగా చెప్పి, కావాలంటే ఒక ఏడాది ఒకే కొమ్మకి కట్టి చూపించండి.

అడవినుంచి మాత్రం తేవద్దు, దారి పక్కన ఎవరైనా అమ్మినా కొనొద్దు. నీలి వాండా లాంటివి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. చట్టం సంగతి అటుంచినా, ఒక్క మొక్క అక్కడ పువ్వు దాకా రావడానికి ఏళ్ళు పడుతుంది, మన బాల్కనీకొచ్చి నెలల్లో పోతుంది. నర్సరీలో పెంచిన నక్కతోక ఆర్కిడ్ అడిగి తెచ్చుకోండి, అస్సాం, అరుణాచల్ రాష్ట్రాల పువ్వు అదే, మన పడమటి కనుమల్లోనూ ఉంటుంది, మామిడి బెరడు దానికి బాగా నచ్చుతుంది. జామకి కట్టొద్దు, బెరడు పెచ్చులు రాలినప్పుడు మొక్కా రాలిపోతుంది.

వచ్చే జూన్‌లో మొదటి వానలు పడ్డాక, తూర్పు వైపు కొమ్మకి, పాత నూలు చీర పేలికతో కదలకుండా బిగించి కట్టండి. వేర్ల కింద గుప్పెడు కొబ్బరి పీచు చాలు. వాన లేని రోజుల్లో పొద్దున్నే నీళ్లు చిలకరించండి. ఆరు నెలలయ్యాక మొక్కని వేలితో మెల్లగా ఊపి చూడండి, కదలకపోతే పేలిక విప్పెయ్యొచ్చు.