పాలసీ అంచనాల ఉద్యోగానికి ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. డేటా పరిశోధన, అంచనాలతో ప్రాంతీయ ప్రభుత్వ విధానాలకు ఉపయోగపడే ఉద్యోగం చేయాలనుంది. మెషీన్ లెర్నింగ్ కోర్సు చేస్తే సరిపోతుందా?

జవాబు: నేర్చుకోండి, కానీ దానితో మొదలుపెట్టకండి. ఈ పనిలో చేతికొచ్చే డేటా తరచూ ఏడాదికి ఒక్క అంకె, అదీ పదిహేను ఇరవై ఏళ్లకే. అంత కొంచెం డేటా ఇస్తే పెద్ద మోడల్ గతాన్ని బట్టీ పడుతుంది. అంచనా పద్ధతుల్లో ఏది మెరుగో తేల్చేందుకు 3,003 టైమ్ సిరీస్‌లతో (కాలక్రమంలో నమోదైన అంకెల వరుసలతో) జరిగిన ఎం3 పోటీ ఫలితాలు 2000లో వచ్చాయి. సంక్లిష్టమైన పద్ధతులే మెరుగన్న నమ్మకం అక్కడ నిలవలేదు. ముందు రిగ్రెషన్, ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్ (ఇటీవలి అంకెలకు ఎక్కువ బరువిచ్చే పద్ధతి), అరీమా (గత అంకెలు, గత తప్పుల నుంచి రాబోయేది లెక్కగట్టే మోడల్) గట్టిగా పట్టండి. ప్రోగ్రామింగ్‌కు ఆర్ గానీ పైథాన్ గానీ ఒకటి చాలు, తోడుగా డేటాబేస్ నుంచి డేటా తీసే భాష ఎస్‌క్యూఎల్.

అన్నిటికంటే ముఖ్యం జనాభా అంచనా. బడి, ఆసుపత్రి, నీళ్లు, బస్సులు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. కోహోర్ట్ కాంపొనెంట్ పద్ధతిలో ఆడ, మగ విడివిడిగా ఐదేళ్ల వయసు గ్రూపులు చేస్తారు. ఒక్కో గ్రూపును బతికే రేటుతో గుణించి పై గ్రూపులోకి జరుపుతారు. 15-49 ఏళ్ల స్త్రీల సంతాన రేట్లతో జననాలు లెక్కగట్టి, వలసలు కలుపుతారు. చిన్న ప్రాంతాల్లో లెక్క ఎక్కువగా తప్పేది వలసల దగ్గరే. యూనివర్సిటీ ఉన్న ఊరు తీసుకోండి: 20-24 గ్రూపు ఉబ్బి కనిపిస్తుంది. చదువవగానే వాళ్లు వెళ్లిపోతారు. మోడల్‌కు ఆ సంగతి తెలియదు. వాళ్లక్కడే పిల్లల్ని కంటారనుకుని అక్కర్లేని బడులు అడుగుతుంది. అందుకే విద్యార్థులను ముందే పక్కకు తీసి, చివర్లో అదే సంఖ్య కలపాలి.

ఇంటర్వ్యూకి ఒక్క ప్రాజెక్టు చాలు. ఒక ప్రాంతంలో ఒకటో తరగతి ప్రవేశాలు 20 ఏళ్లవి తీసుకోండి. మధ్యలో సరిహద్దులు మారితే అంకె ఒక్కసారిగా ఎగురుతుంది. అన్నేళ్లనూ ఒకే సరిహద్దుకు సర్దాకే మోడల్ కట్టండి. చివరి ఐదేళ్లు దాచి అంచనా వేయండి. తప్పు శాతాన్ని ‘ఆఖరి అంకే కొనసాగుతుంది’ అనే సాదా అంచనాతో పోల్చండి. దాన్ని దాటలేకపోతే ఆ మాటే రాయండి.

పీజీకి ఎకనామిక్స్, డెమోగ్రఫీ, పబ్లిక్ పాలసీ ఏదైనా ఫర్వాలేదు. సిలబస్‌లో టైమ్ సిరీస్‌తో పాటు కాజల్ ఇన్ఫరెన్స్ (దేనివల్ల ఏం జరిగిందో తేల్చే పద్ధతులు) ఉందో లేదో చూడండి. రేపు ఎంతమంది ఉంటారన్నది ఒక ప్రశ్న, పథకం వల్ల ఏం మారిందన్నది వేరే ప్రశ్న.

ఇక ఫలితాన్ని రెండు పేజీల్లో రాయడం. ఒకే అంకె ఇవ్వకండి, 80 శాతం రేంజ్ ఇవ్వండి, అంటే అసలు అంకె 80 శాతం అవకాశంతో పడే కింది, పై హద్దులు. కింది అంకెకూ పై అంకెకూ నిర్ణయం ఒకటే అయితే అధికారి వెంటనే ముందుకెళ్లొచ్చు. వేరైతే పనిని దశలుగా విడగొట్టమని, రెండో దశకు ముందు ఏ అంకె చూసుకోవాలో ఆ నోట్‌లోనే చెప్పండి.